రాత్రి షాపు కట్టేసి ఇంటికొచ్చే మనిషికి ఏ గన్ మంచిది?

ఈ ఉత్తరం అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఒక శివారు ఊరి నుంచి వచ్చింది. పేరు వెయ్యొద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి క్లుప్తంగా చెబుతాను.

రాసినాయనకు 42 ఏళ్లు. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇద్దరు స్నేహితులతో కలిసి కొన్న ఒక గ్యాస్ స్టేషన్‌లో (పెట్రోల్ బంకూ, దాని షాపూ) వాటా ఉంది. శుక్ర, శనివారాలు రాత్రి పదకొండున్నరకి క్యాష్ లెక్కపెట్టి, షాపు కట్టేసి రావడం ఆయన వంతు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన గ్రీన్‌కార్డు పోయినేడాది చేతికొచ్చింది. 2023 మే నెలలో అలెన్‌లోని అవుట్‌లెట్ మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయినప్పుడు (వారిలో మన తెలుగమ్మాయి ఒకరు) మొదటిసారి గన్ ఆలోచన వచ్చిందట. ఈమధ్య తెలిసినవాళ్ల స్టోర్‌లో దోపిడీ జరిగాక అది నిర్ణయంగా మారింది. రోజూ నడుముకి పెట్టుకుని, చొక్కా కింద కనపడకుండా తిరగడానికి ఒక హ్యాండ్‌గన్ కావాలి. గన్ షాపులో సేల్స్‌మన్ జేబులో పట్టే చిన్న .380 పిస్టల్ చూపించాడు. వ్యాపారంలో భాగస్వామి "గ్లాక్ 19 తప్ప ఇంకోటి చూడకు" అంటున్నాడు. ఇంకొకాయన రివాల్వరైతే జామ్ కాదన్నాడు. భార్య మాత్రం "అది గుమ్మం లోపలికొస్తే నేను పిల్లల్ని తీసుకుని గుమ్మం బయటికి పోతా" అని తేల్చేసింది. పిల్లలు తొమ్మిదేళ్ల పాప, అయిదేళ్ల బాబు. నెల కిందట ఉద్యోగం పోయిన బావమరిది ఇప్పుడు వీళ్లింట్లోనే ఉంటున్నాడు. హెచ్1బి వీసా. కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే 60 రోజుల గడువులో సగం అయిపోయింది. "వాడు రాత్రిళ్లు పడుకోవడం లేదు, ఎవరితోనూ మాట్లాడడు. గన్ సంగతి ఎత్తితే మాత్రం హుషారొస్తుంది. హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే నేనూ పట్టుకోవచ్చట బావా, గన్ ప్రాక్టీసు రేంజ్‌కి తీసుకెళ్లు అంటున్నాడు" అని రాశారు. జూన్‌లో ఆయన తల్లి విజిటర్ వీసా మీద వస్తున్నారు. డిసెంబరులో అందరూ కలిసి ఇండియా ప్రయాణం.

అడిగింది ఇది: "సైజు, క్యాలిబర్ (తూటా సైజు), హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే ఒర) ఈ మూడూ తేల్చి చెప్పండి. మా ఆవిణ్ణి ఎలా ఒప్పించాలో కూడా రాయండి."

అయ్యా,

ముందు మీరు అడిగిందే చెబుతాను. అది చెప్పకపోతే మిగతాది మీరు చదవరు.

సేల్స్‌మన్ చూపించింది రూగర్ ఎల్‌సీపీలాంటిది అయ్యుంటుంది. ఖాళీగా ఉంటే పది ఔన్సులు కూడా తూగదు, అంటే 280 గ్రాముల లోపు. అద్దాల కౌంటర్ మీద పెట్టి చూపిస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. పేల్చినప్పుడు తెలుస్తుంది దాని సంగతి. బరువు తక్కువ కాబట్టి చేతిలో ఎగిరిపడుతుంది. చిటికెనవేలికి పట్టు దొరకదు. గురి చూసుకునే సైట్లు గోరంత ఉంటాయి. ఒక డబ్బా తూటాలు, అంటే 50, పేల్చేసరికి బొటనవేలి మొదలు మండుతుంది. ఆ తరువాత ప్రాక్టీసుకి వెళ్లబుద్ధి కాదు. చిన్న గన్ కొత్తవాళ్లకు తేలిక అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చెయ్యి బాగా తిరిగినవాళ్లు పెట్టుకునే గన్.

మీ భాగస్వామి చెప్పిన గ్లాక్ 19 మంచి గన్నే, 1988 నుంచి మార్కెట్లో ఉంది. నాలుగంగుళాల బ్యారెల్, మ్యాగజైన్‌లో 15 తూటాలు, చేతినిండా పట్టు. కొత్తవాళ్లు దీంతోనే బాగా కొడతారు. ఇబ్బంది నడుము దగ్గర వస్తుంది. నిండా తూటాలతో 850 గ్రాములు తూగుతుంది. మీరు సన్నగా ఉంటాను, ఆఫీసుకి చొక్కా టక్ చేసుకుంటాను అని రాశారు. గన్‌లో దాచడం కష్టమైంది బ్యారెల్ కాదు, పట్టుకునే పిడి. వంగినప్పుడు చొక్కాని వెనకనుంచి పొడుచుకుని కనపడేది అదే.

ఈ రెండింటికీ మధ్య ఒకప్పుడు పెద్ద ఖాళీ ఉండేది. 2018లో సిగ్ కంపెనీ పీ365 తెచ్చాక అది నిండింది. మూడంగుళాల బ్యారెల్, అర కిలో బరువు, పది తూటాలు. దాని వెనకే స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, గ్లాక్ 43ఎక్స్, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్ వచ్చాయి. మీలాంటి సన్నటివాళ్లకు నేను ముందు చూడమనేది ఈ తరగతినే. వీటిలో ఏది అని మాత్రం నన్ను అడక్కండి. మీ చేతిని అడగండి. రేంజ్‌లో అద్దెకిస్తారు. ఏడు గజాల దూరంలో కాగితం పెట్టి, ఒక్కోదానితో ఒక డబ్బా పేల్చి చూడండి. ఏ గన్ పెట్టిన చిల్లులు దగ్గర దగ్గరగా పడ్డాయో, ఏది పట్టుకున్నాక ఇంకో డబ్బా పేలుద్దామనిపించిందో అదే మీది.

రివాల్వర్ గురించి చెప్పినాయన మాటలో సగం నిజముంది. జామయ్యే గొడవ తక్కువ, వాడకం సులువు. కానీ నడుముకి పెట్టుకునే చిన్న రివాల్వర్లలో సాధారణంగా పట్టేవి అయిదు తూటాలు. ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, లాగుతుంటే గురి పక్కకి పోతుంది. బాగా కొట్టాలంటే పైన చెప్పిన మ్యాగజైన్ పిస్టళ్ల కన్నా ఎక్కువ ప్రాక్టీస్ కావాలి.

క్యాలిబర్ మీద రాత్రంతా వాదించుకునేవాళ్లున్నారు. మీరు 9 ఎంఎం తీసుకుని ఆ చర్చలోంచి లేచి రండి. 1986లో మయామీ కాల్పుల తరువాత పెద్ద తూటాల వైపు వెళ్లిన ఎఫ్‌బీఐ కూడా, తూటాల తయారీ మెరుగుపడిందని చెప్పి మళ్లీ 9 ఎంఎంకే వచ్చింది. ప్రాక్టీసుకి మామూలు తూటాలు వాడండి. నడుముకి పెట్టుకునేటప్పుడు హాలో పాయింట్, అంటే కొన దగ్గర గుల్లగా ఉండే తూటా. అది తగిలినచోట విచ్చుకుని ఆగే అవకాశం ఎక్కువ. మామూలు తూటా మనిషిలోంచి బయటికొచ్చి వెనకున్నవాళ్లని కూడా తాకగలదు. అలాగని హాలో పాయింట్ గోడకి ఆగుతుందనుకోకండి. అమెరికా ఇళ్ల గోడలు ఎంత పల్చనో మీకు తెలుసు. గురి తప్పితే ఏదైనా పక్కగదిలోకి పోతుంది.

హోల్‌స్టర్ విషయంలో మాత్రం కచ్చితంగా ఉంటాను. మనవాళ్లు గన్‌కి ఆరొందలు పెట్టి హోల్‌స్టర్‌కి పదిహేను డాలర్లు పెడతారు. ఈ కొత్త గన్‌లలో చాలావాటికి బయట సేఫ్టీ మీట ఉండదు, ట్రిగ్గర్ లాగితే పేలుతుంది, అంతే. అందుకని ట్రిగ్గర్ చుట్టూ పూర్తిగా మూసి ఉండే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్, కైడెక్స్ అంటారు, ఆ గన్ మోడల్‌కే చేసింది తీసుకోండి. మెత్తటి గుడ్డ హోల్‌స్టర్ వద్దు. గన్ తిరిగి లోపల పెట్టేటప్పుడు చొక్కా అంచు ట్రిగ్గర్‌లో ఇరుక్కుని తొడలో కాల్చుకున్నవాళ్లున్నారు. బయటికి తీసేటప్పుడు తొందర ఉండొచ్చు, లోపల పెట్టేటప్పుడు ఏ తొందరా ఉండదు. చూసుకుంటూ పెట్టండి. సేఫ్టీ మీట ఉన్న మోడళ్లు కూడా దొరుకుతాయి. మీకు దానితో మనశ్శాంతి అనిపిస్తే, ఎవరో నవ్వుతారని మానకండి.

గట్టి బెల్టు కూడా కావాలి. లేకపోతే అర కిలో బరువుకి ప్యాంటు ఒకవైపుకి జారుతుంటుంది, మీరు పదినిమిషాలకోసారి ఎగలాక్కుంటుంటారు. దాచిన గన్‌ని చూసేవాళ్లు పట్టుకునేది అక్కడే.

కొన్నాక మొదటి రెండు వారాలు తూటాల్లేకుండా ఇంట్లోనే పెట్టుకుని తిరగండి. గన్ వీడియోలు చేసేవాళ్లు ఇదంతా జీన్స్ వేసుకుని, నిలబడి చూపిస్తారు. మన రోజు అలా ఉండదు కదా. సత్యనారాయణ వ్రతంలో పీట మీద బాసింపట్టు వేసుకుని గంటన్నర కూర్చోండి. నడుము ముందు భాగంలో పెట్టుకుంటే పిడి పొట్టలోకి గుచ్చుకుంటుంది. పెద్దవాళ్ల కాళ్లకి దణ్ణం పెట్టడానికి వంగండి, వెనక పెట్టుకుంటే చొక్కా పైకి లేస్తుంది. పార్టీలో ప్రతివాడూ వచ్చి వాటేసుకుంటాడు. మీరు ఆఫీసు నుంచి రాగానే మీ అయిదేళ్ల బాబు పరిగెత్తుకొచ్చి నడుము దగ్గరే పట్టుకుంటాడు. ఇవన్నీ మీ రోజులో ఎన్నిసార్లొస్తాయో ఆ రెండు వారాల్లో తేలుతుంది. చాలామంది గన్ డ్రాయర్‌లోకి చేరేది ఇక్కడే. గన్ డ్రాయర్‌లోకి చేరడమే ఇంట్లో ప్రమాదానికి మొదలు.

ఇక చట్టం. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు దాటి, చట్టం అనర్హుడని చెప్పనివాళ్లు లైసెన్స్ లేకుండానే గన్ పెట్టుకుని తిరగొచ్చు. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి మీరూ కొనొచ్చు, పెట్టుకోవచ్చు. మీ భాగస్వామి "లైసెన్స్ దండగ" అన్నాడని రాశారు. నేను ఒప్పుకోను. స్కూలు నుంచి వెయ్యి అడుగుల లోపు గన్‌తో ఉండకూడదని ఫెడరల్ చట్టం ఒకటుంది. దాని నుంచి మినహాయింపు ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్లకి దొరుకుతుంది, లైసెన్స్ లేకుండా తిరిగేవాళ్లకి కాదు. పిల్లల్ని స్కూల్లో దింపే తండ్రికి ఇంతకన్నా కారణం ఏం కావాలి? నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, మూడు, ఏడు, పదిహేను గజాల నుంచి మొత్తం 50 తూటాలు పేల్చే పరీక్ష, 40 డాలర్ల ఫీజు. లైసెన్స్ ఉన్నా స్కూలు బిల్డింగ్‌లోకి, కోర్టులోకి, ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ దాటి గన్‌తో వెళ్లకూడదు. షాపులవాళ్లు, గుడివాళ్లు కూడా చట్టప్రకారం బోర్డు పెట్టి వద్దనొచ్చు. మీ కంపెనీ ఆఫీసు లోపలికి తేవొద్దనొచ్చు. మందు తాగి మత్తులో పెట్టుకుని తిరగడం నేరం, కాబట్టి వీకెండ్ పార్టీలో గన్నో గ్లాసో ఏదో ఒకటే.

ఇక్కడ పుట్టినవాళ్లకి లేని ప్రమాదం మీకు ఒకటుంది. గన్ చట్టాలను ఉల్లంఘించినందుకు శిక్ష పడితే, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లని దేశం నుంచి పంపేయడానికి ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్నే కారణంగా చూపిస్తుంది. మీ భాగస్వామి సిటిజన్ అని రాశారు. ఆయన లాయర్ ఫీజు కట్టి బయటపడే పొరపాటుకి మీరు ఇన్నేళ్లు క్యూలో నిలబడి తెచ్చుకున్న కార్డు పోవచ్చు. గన్ విషయంలో ఆయన సలహా వినండి. చట్టం విషయంలో క్రిమినల్, ఇమ్మిగ్రేషన్ రెండూ తెలిసిన లాయర్‌తో ఒక గంట మాట్లాడండి.

ఇప్పుడు మీరు రాసిన "రోజూ" అనే మాట దగ్గరికొస్తాను. మీ ఉత్తరంలో భయం ఉన్నది వారానికి రెండు రాత్రులు, అదీ రాత్రి పదకొండు తరువాత. సోమవారం నుంచి గురువారం దాకా మీరు గన్ తేవొద్దనే ఆఫీసులో కూర్చుంటారు. అప్పుడది పార్కింగ్‌లో కారులో ఉంటుంది. తాళం వేసిన కారులో ఉంచుకోవడాన్ని కంపెనీ అడ్డుకోకుండా టెక్సాస్ చట్టం చాలావరకు కాపాడుతుంది. కానీ దొంగల చేతికి గన్‌లు చేరే ముఖ్యమైన దారుల్లో కార్ల అద్దాలు పగలగొట్టడం ఒకటి. గ్లవ్ బాక్స్ దాచుకునే చోటు కాదు. మరి రెండు రాత్రులకే పెట్టుకుంటే? అప్పుడు ప్రతిసారీ తీయడం, నింపడం, ఖాళీ చేయడం. చెయ్యి ఎక్కువగా పెట్టినచోటే ప్రమాదాలూ ఎక్కువ. కొత్తగా కొన్న వేట తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలి మన విద్యార్థి ఒకరు చనిపోయిన వార్త 2024లో మీరూ చదివే ఉంటారు.

దోపిడీ సంగతి కూడా ఆలోచించండి. స్టోర్‌లోకి దొంగ వచ్చేటప్పటికే వాడి చేతిలో గన్ ఉంటుంది. మీది చొక్కా కింద, బెల్టు వెనక ఉంటుంది. చూపు మీ మీదే పెట్టి నిలబడినవాడి ముందు చొక్కా ఎత్తి గన్ తీయడం అంటే, క్యాష్ ఇచ్చేస్తే ముగిసే వ్యవహారాన్ని కాల్పుల్లోకి తిప్పడమే చాలాసార్లు. గన్ పనికొచ్చే సందర్భాలు లేవనను. షాపు నుంచి కారు దాకా నడిచే ఆ ముప్పై అడుగుల్లో ఎవరో వెంటపడితే, పారిపోయే దారి లేకపోతే, పనికొస్తుంది. కానీ ఆ ముప్పై అడుగుల్ని మార్చడానికి వేరే దారులూ ఉన్నాయి. రాత్రి షాపుల గురించి అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా చాలా ఏళ్ల క్రితమే సూచనలు రాసిపెట్టింది. సందులోంచి క్యాష్ లోపలికి వేయడమే తప్ప మేనేజర్ కూడా వెంటనే తెరవలేని డ్రాప్ సేఫ్, గల్లాలో తక్కువ క్యాష్, ఆ సంగతి తలుపు మీద బోర్డు. కిటికీలకి అంటించిన బీరు, లాటరీ పోస్టర్లు పీకేసి లోపల ఏం జరుగుతోందో రోడ్డు మీదకి కనపడేలా చేయడం. బయట మంచి లైట్లు. మూసే వేళకి ఇద్దరు మనుషులు. అన్నిటికన్నా ముందు, ఆ క్యాష్ సంచి రాత్రి మీ చేతిలో ఉండి తీరాలా? పొద్దున్న బ్యాంకుకి వెళ్తే కాదా? గన్ గురించి రెండు పేజీలు రాశారు, లైట్ల గురించి ఒక్క మాట రాయలేదు.

ఇప్పుడు మీరు నన్ను అడగని విషయం.

మీ బావమరిది ఉద్యోగం పోయింది, దేశంలో ఉండే గడువు దగ్గరపడుతోంది, నిద్ర లేదు, మాట లేదు, గన్ మాటెత్తితే హుషారు. అది మామూలు కుతూహలమే కావచ్చు. రోజంతా అప్లికేషన్లు పంపి విసిగిన కుర్రాడికి రేంజ్ ఒక ఆటవిడుపులా కనిపించవచ్చు. నేను దూరం నుంచి రోగం తేల్చను. కానీ ఈ నాలుగు గుర్తులూ ఒకచోట కనిపించినప్పుడు ఆ ఇంట్లోకి గన్ తేవడానికి ముందు ఆగి ఆలోచించకుండా ఉండలేను. 2021లో అమెరికాలో తుపాకులతో చనిపోయినవాళ్లు 48,830 మంది. వారిలో 26,328 మంది తమను తామే కాల్చుకున్నవాళ్లు. సగం కన్నా ఎక్కువ. ఆ ఆలోచన చాలామందికి కొద్దిసేపే గట్టిగా ఉంటుంది, గడిచిపోతుంది. చేతికి దొరికిన సాధనం గన్ అయితే మాత్రం వెనక్కి తిరిగే అవకాశం దాదాపు ఉండదు.

అడగండి. "ఏరా, బాగున్నావా" అంటే "బాగానే ఉన్నా బావా" అంటాడు. సూటిగా అడగాలి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అలా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని మనవాళ్లు భయపడతారు, అలా జరగదు. అవునంటే అతణ్ణి ఒంటరిగా వదలకండి. ఇలాంటి ఆలోచనలున్నవాళ్ల కోసం పెట్టిన హెల్ప్‌లైన్ 988 నొక్కితే రాత్రైనా పగలైనా మనిషి పలుకుతాడు. వెంటనే ప్రమాదం ఉందనిపిస్తే 911. కాదంటే, నిద్ర గురించి డాక్టర్ని కలిపించండి. గడువు లోపు వీసా స్టేటస్ మార్చుకునే దారులు ఏమున్నాయో ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగించండి. సగం టెన్షన్ ఆ క్యాలెండర్‌దే.

హంటింగ్ లైసెన్స్ విషయం: హెచ్1బి, స్టూడెంట్, విజిటర్ వీసాల మీద ఉన్నవాళ్లు గన్ పట్టుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉన్నమాట నిజమే. అతను విన్నది తప్పు కాదు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఈ నెలలో అతన్ని రేంజ్‌కి తీసుకెళ్లాలని లేదు. అతని పేరు చెప్పకుండా అతని కోసం మీరు కొనడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకండి, అది మరో నేరం. ఇంట్లో మీ గన్ అతనికి గానీ, జూన్‌లో వచ్చే మీ అమ్మగారికి గానీ అందేలా ఉన్నా, సేఫ్ కోడ్ వాళ్లకి తెలిసినా, వాళ్ల ఆధీనంలో ఉన్నట్టే అని ప్రాసిక్యూటర్ వాదించగలడు. మీ అమ్మగారు బీరువా సర్దే అలవాటున్న మనిషైతే ఈ మాట ఇంకోసారి చదవండి.

పిల్లల సంగతి మీ ఆవిడకి తెలుసు. 17 ఏళ్ల లోపు పిల్లలకి తూటాలున్న గన్ అందేలా వదలడం టెక్సాస్‌లో నేరం. 2014 చివర్లో ఐడహోలో ఒక సూపర్‌మార్కెట్‌లో, తల్లి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి రెండేళ్ల కొడుకు గన్ తీసి పేల్చేశాడు, ఆమె చనిపోయింది. లైసెన్స్ ఉన్న మనిషి, గన్‌లు అలవాటున్న కుటుంబం. అందుకే బ్యాగ్‌లో పెట్టుకోవడాన్ని నేను పూర్తిగా వద్దంటాను. గన్ ఉంటే మీ నడుము మీద ఉండాలి, లేదా గోడకో నేలకో బోల్టు వేసిన సేఫ్‌లో ఉండాలి. మూడో చోటు లేదు.

కాబట్టి మీ ముందున్న దారులు నాకు ఇలా కనిపిస్తున్నాయి.

ఇప్పుడే కొనొచ్చు. చట్టం అడ్డు చెప్పదు. అప్పుడు సేఫ్ కోడ్ మీ ఒక్కరికే తెలియాలి. అది పుట్టినరోజు, పెళ్లిరోజు తేదీ కాకూడదు, బావమరిది ఊహించలేనిదై ఉండాలి. కానీ ఇంట్లో ఉన్న పరిస్థితిలో, భార్యకి ఇష్టం లేకుండా ఇది చేస్తే, ఏదైనా జరిగితే దాన్ని మీరిద్దరూ కలిసి మోయలేరు.

బావమరిది కుదుటపడేదాకా కొనుగోలు వాయిదా వేయొచ్చు. ఈలోపు లైసెన్స్ క్లాసు, రేంజ్‌లో అద్దె గన్‌లతో ప్రాక్టీస్, లాయర్, షాపులో లైట్లు, సేఫ్ అన్నీ నడుస్తూనే ఉంటాయి. పోయేది ఏమిటంటే కొన్ని నెలలు మీకు భయం ఉంటుంది. మీ స్థానంలో ఉంటే నేను మొగ్గేది దీనివైపే. కానీ మీ షాపు ఏ వీధిలో ఉందో, ఆ చుట్టుపక్కల ఏం జరుగుతుందో మీకు తెలిసినంత నాకు తెలియదు.

గన్ ఇంటికి తేకుండా షాపు సేఫ్‌లోనే ఉంచొచ్చు. ఇంట్లో గొడవ తీరుతుంది. అయితే ఆ సేఫ్ ఎవరెవరు తెరుస్తారు? కౌంటర్లో పనిచేసేవాళ్లలో వీసా మీద ఉన్నవాళ్లున్నారా? అప్పుడు ఇంటి సమస్యే షాపుకి మారినట్టు. పైగా గన్ అక్కడే వదిలేస్తే, మీకు భయమున్న ఆ ముప్పై అడుగులు ఖాళీ చేతులతోనే నడవాలి.

లేదా ఆ రెండు రాత్రుల బాధ్యతే మార్చుకోవచ్చు. షాపు పదింటికి మూసేయడం, మూసే వేళకి ఒక మనిషిని పెట్టుకోవడం, భాగస్వాములు వంతులు వేసుకోవడం. లాభంలో కొంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో లెక్కవేసి చూశారా? గన్, హోల్‌స్టర్, బెల్టు, సేఫ్, క్లాసు, నెలనెలా తూటాలు కలిపితే మొదటి ఏడాదే వెయ్యి డాలర్లు దాటుతుంది. ఆ డబ్బుతో ఎన్ని శనివారాలకి రెండో మనిషి వస్తాడో చూడండి.

మీ ఆవిడ సంగతి. ఎలా ఒప్పించాలని అడిగారు. ఆమె ఎందుకు వద్దంటోందో ఉత్తరంలో ఎక్కడా లేదు, వద్దంటోందని మాత్రమే ఉంది. పిల్లల భయం ఎలాగూ ఉంటుంది. నా ఊహ మాత్రమే, కానీ తమ్ముడి పరిస్థితి మీకన్నా ముందే ఆమెకి అర్థమై ఉండొచ్చు. నోటితో అనలేక గన్ మీద కోపంగా చెబుతోందేమో. పిల్లలు పడుకున్నాక కూర్చుని "నీకు దేని భయం?" అని అడిగి, జవాబు చెప్పేదాకా మధ్యలో మాట్లాడకండి. ఆమెకి ఇష్టమైతే ఇద్దరూ కలిసి సేఫ్టీ క్లాసుకి వెళ్లండి. కొనడానికి ఒప్పించడం కోసం అనుకోకుండా వెళ్లండి. గన్‌ని ఎలా ఖాళీ చెయ్యాలో ఇంట్లో రెండో పెద్ద మనిషికి తెలియడం ఎలాగూ అవసరం. క్లాసు నుంచి వచ్చాక కూడా ఆమె వద్దంటే, పై దారుల్లో చివరి రెండూ మిగిలే ఉన్నాయి.

డిసెంబరు ప్రయాణం గురించి ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అప్పటికి మరిచిపోతారు. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్ విడిగా ఉంచండి, దాన్ని విమానం ఎక్కించకండి. బ్యాగ్ అడుగు అరలో మరిచిపోయిన ఒక్క తూటాతో ఢిల్లీ, హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల్లో ఆయుధాల చట్టం కింద కేసుల్లో ఇరుక్కున్న ఎన్నారైలున్నారు. తెలియక తెచ్చామని నిరూపించుకుని కోర్టులో కొట్టేయించుకునేసరికి సెలవులు అయిపోతాయి. అప్పటికి గన్ కొని ఉంటే, ఇంటి తాళాలు ఇచ్చి వెళ్లే స్నేహితుడి చేతిలో గన్ కూడా పెట్టి వెళ్లకండి. అతను హెచ్1బి మీద ఉంటే ఇచ్చిన మీరు, పుచ్చుకున్న అతను ఇద్దరూ ఇరుక్కుంటారు. కొన్ని గన్ షాపులు, రేంజ్‌లు కొద్ది రుసుముకి భద్రపరుస్తాయి. కొనే రోజునే ఆ సదుపాయం ఉందేమో అడిగి పెట్టుకోండి.